వేలిముద్ర పడని వారం

శుక్రవారం పొద్దున ఏడింటికి నీలమ్మ బొటనవేలు పెడితే హాజరు మిషన్ "ప్లీజ్ ట్రై అగైన్" అంది. వేలు చీరకు తుడిచి మళ్ళీ పెట్టింది. మళ్ళీ అదే మాట. అలా ఏడుసార్లు పెట్టింది. వెనక పదిమంది నిలబడి ఉన్నారు. జర జరుగమ్మా అని ఎవరో అంటే పక్కకు జరిగింది. ఆ పదిమందికీ మిషన్ "థ్యాంక్యూ" చెప్పింది. దానికి వచ్చినవి ఆ రెండు మాటలే. నీలమ్మకు వచ్చిన ఇంగ్లీషు కూడా అంతే.

అది హైదరాబాదు రాయదుర్గంలో పదకొండంతస్తుల టవర్. సాఫ్ట్‌వేర్ వాళ్ళు ముందు గేటు నుంచి వస్తారు, హౌస్‌కీపింగ్ వాళ్ళు వెనక గేటు నుంచి. నీలమ్మ నాలుగేళ్ళుగా ఆరో అంతస్తు, ఏడో అంతస్తు బాత్‌రూములు కడుగుతోంది. ఆమె కంపెనీ మనిషి కాదు, కాంట్రాక్టరు మనిషి. కాంట్రాక్టరు తరఫున అక్కడ ఉండేది సాయిచంద్ అనే సూపర్‌వైజర్. నీలమ్మ అతని దగ్గరికి వెళ్ళి చేతులు చూపించింది.

పది వేళ్ళకూ తోలు లేచిపోయి ఉంది. కొనల దగ్గర ఎర్రగా, నున్నగా ఉంది. కణుపుల దగ్గర చీలికలు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైన మొదటి వారంలోనే బాలానగర్ నుంచి రావలసిన కడిగే మందు రావడం ఆగిపోయింది. సాయిచంద్ ఆసిడ్ డబ్బాలు తెప్పించాడు. గ్లౌజుల పెట్టె అంతకుముందే అయిపోయింది. ఉన్న జతలనే చిరుగులతో తొడుక్కుని అందరూ కడిగారు. ఆసిడ్‌లో ఎన్ని నీళ్ళు కలపాలో ఎవరూ చెప్పలేదు.

సాయిచంద్ ఆమె చేతులు చూశాడు. చూసి, తలుపు దగ్గరికి వేశాడు.

"అమ్మా, నువ్వు ఈడ ఉన్నవని నాకు కనవడ్తనే ఉన్నది. బెంగళూరు హెడ్డాఫీసోళ్ళు నన్ను అడగరు, మిషన్‌ను అడుగుతరు. మీ ఆయన ఆర్టీసీ. సమ్మెల ఉన్నడు. నీకు గిట్ల ఆబ్సెంట్లు పడితే నువ్వు గూడ సమ్మెల కూసున్నవని రాసుకుంటరు."

వేరే వేలు ఎక్కించమని ఆమె అడిగింది. ఎక్కించే మనిషి బెంగళూరు నుంచి రావాలని, సమ్మె అయిపోయాకే వస్తానన్నాడని అతను చెప్పాడు. దసరాకు ముందు, బుధవారం పొద్దున పదకొండింటికి, సమ్మెలోకి పోయినవాళ్ళ పేర్లు పైకి పంపాలి. ఆ లోపల ఒక్కసారి వేలు పడితే చాలు, ముందు రోజుల్లో మిషనే చెడిందని తాను రాస్తానన్నాడు. పడకపోతే తన చేతిలో ఏమీ లేదన్నాడు. ఆ మాట అనేటప్పుడు అతను ఆమె మొహం చూడలేదు. అతనికీ ఇంట్లో చిన్న పిల్లలున్నారని నీలమ్మకు తెలుసు.

అలా ఆమెకు అయిదు రోజులు మిగిలాయి.

ఆ సాయంత్రం నిజాంపేటలో చర్మాల డాక్టరు రాజరాజేశ్వరి దగ్గరికి వెళ్ళింది. నీలమ్మ వాళ్ళు ఉండేదీ నిజాంపేటలోనే, పిల్లల హాస్టళ్ళ వెనక ఒక కిరాయి గదిలో. డాక్టరు చేతులు తిప్పి తిప్పి చూసింది. ఒక క్రీము రాసింది. అందులో రెండు మందులున్నాయని, ఒకటి తోలును మొద్దుబారుస్తుందని, రెండోది వాపు తగ్గిస్తుందని చెప్పింది. ఒక్కో చేతికి శనగగింజంత తీసుకుని పలచగా రాయాలి. రోజుకు రెండుసార్లు. అయిదు రోజులు దాటకూడదు. తోలు లేచి పచ్చిగా ఉన్నచోట, చీలికల్లో అసలు పెట్టకూడదు. రాసిన తరవాత కట్టు కట్టకూడదు, గ్లౌజు తొడగకూడదు. కడితే మందు తోలు మీద ఆగదు, లోపలికి పోతుంది. మొద్దుబారిన చేతితో వేడివి ముట్టుకోకూడదు, కాలినా తెలియదు. అన్నిటికన్నా ముందు, పని మానాలి.

బుధవారం లోపల వేలి గీతలు వస్తాయా అని నీలమ్మ అడిగింది. ఈ మందు మంటకు, దురదకు మాత్రమేనని, గీతలు తెప్పించే మందు లేదని, తోలు తనంతట తాను రావడానికి వారాలు పడుతుందని డాక్టరు చెప్పింది. చెప్పిందంతా చీటీ మీద ఇంగ్లీషులో రాసి ఇచ్చింది.

నీలమ్మ అన్నింటికీ తల ఊపింది. కానీ పని మానమన్న మాట దగ్గరే ఆమె వినడం ఆపేసింది. పని పోకుండా చూసుకోవడానికే ఆమె డాక్టరు దగ్గరికి వచ్చింది. ఇంటికి వెళ్ళేసరికి ఆమెకు గుర్తున్నవి మూడు మాటలు. తోలుకు మందు. అయిదు రోజులు. కడితే లోపలికి పోతుంది.

మందు లోపలికి పోవడం మంచిదే కదా అనుకుంది.

ఆమె భర్త మొగిలి ఆర్టీసీ డిపోలో టైర్ల సెక్షన్‌లో మెకానిక్. పందొమ్మిదేళ్ళ సర్వీసు. బస్సులు ఆగి పన్నెండు రోజులైంది. పొద్దున డిపో గేటు ముందు టెంటులో కూర్చుంటాడు, మధ్యాహ్నం ఇంటికి వస్తాడు. చేతికి పని లేక ఇంట్లో ఉన్న స్టవ్వు, ఫ్యాను, పక్కింటి వాళ్ళ సైకిలు అన్నీ విప్పి బిగించాడు. ఆ నెల ఇంటికి ఆసరా నీలమ్మ పని ఒక్కటే. ఆ సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

అతను ఆమె బొటనవేలిని దీపం దగ్గర పెట్టి చూశాడు.

"గుండు టైరు అయింది," అన్నాడు.

"నవ్వులాటనా నీకు?"

"నవ్వుతలేను. గుండు టైరుకు మేము మల్ల గీతలు తెప్పిస్తం. రోజూ చేసే పనే."

అతను చెప్పింది ఆమెకు అర్థమయింది. అరిగిన టైరు మీద ముందు పైపొర గీకుతారు. సొల్యూషన్ మందంగా పూస్తారు. కొత్త రబ్బరు పట్టీ వేసి, గాలి చొరకుండా బిగించి, వేడిలో పెడతారు. తీసేసరికి టైరు కొత్తగా ఉంటుంది. సొల్యూషన్ పలచగా పూస్తే పట్టదు. గాలి తగిలితే ఊడుతుంది. పందొమ్మిదేళ్ళలో అతను పట్టీ వేసిన టైరు దారిలో ఊడలేదు. ఆ మాట డిపోలో ఎవరిని అడిగినా చెబుతారు.

ఆ రాత్రి అన్నం తిన్నాక మొగిలి ఆమె రెండు చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. వేళ్ళకు, అరచేతులకు, మణికట్టు దాకా తెల్లగా కనిపించేంత మందంగా క్రీము పూశాడు. చీలికల్లోకి పోయేలా వేలితో అదిమాడు. మొదట భగ్గుమంది. తరవాత చల్లబడింది. ఆ తరవాత ఆమెకు చేతులున్నట్టే అనిపించలేదు. పాల కవర్లు కడిగి, కోసి, ఒక్కో వేలికి చుట్టాడు. పైన సైకిలు ట్యూబు రబ్బరు ముక్కలతో బిగించాడు. పట్టీ వేసేటప్పుడు చూసినట్టే నాలుగు వైపులా గాలి దూరుతోందేమో చూశాడు. అతను అంత శ్రద్ధగా తనను పట్టుకుని కూర్చుని ఎన్నేళ్ళయిందో నీలమ్మకు గుర్తు రాలేదు.

పది రోజుల తరవాత ఆ రాత్రి ఆమె మంట లేకుండా నిద్రపోయింది.

శనివారం మిషన్ తీసుకోలేదు. ఆమె దిగులుపడలేదు, ఒక్క రోజే కదా అనుకుంది. అంతకుముందు నీళ్ళు తగిలితే ప్రాణం పోయేది. ఇప్పుడు ఏమీ తెలియడం లేదు. నొప్పి పోయిందంటే లోపల మానుతున్నట్టే లెక్క అని తోటి మనిషి లచ్చమ్మకు చెప్పింది. ఏ మందు అని లచ్చమ్మ అడిగింది, తన చేతులూ అలాగే ఉన్నాయి. నీలమ్మ ట్యూబు ఇవ్వలేదు. ఇద్దరికీ సరిపోదని ఇవ్వలేదు. ఆ పిసినారితనానికి తరవాత ఆమె దండం పెట్టుకుంది.

ఆదివారం సెలవు. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి కట్టారు. మొదటి ట్యూబు అయిపోయింది. మొగిలి మందుల షాపులో అదే చీటీ చూపించి ఇంకో రెండు తెచ్చాడు. షాపతను చీటీ మీద తేదీ చూడలేదు, ఎన్ని రోజులకని అడగలేదు.

సోమవారం నుంచి ఆమె పనిలో కూడా చేతులు విప్పలేదు. కవర్ల మీదే రబ్బరు గ్లౌజులు తొడిగింది. మణికట్టు దగ్గర చిరుగు ఉంటే మొగిలి దానికి పట్టీ వేసి ఇచ్చాడు. మిషన్ దగ్గర మాత్రం కుడిచేతి కవరు తీసి, వేలు తుడిచి పెట్టింది. వేలు తెల్లగా, నానినట్టు ఉంది. మిషన్ వద్దంది. ఆ మధ్యాహ్నం పాంట్రీలో గీజరు నీళ్ళు బకెట్లోకి పట్టి గుడ్డ ముంచి పిండింది. నీళ్ళ మీద పొగ లేస్తోంది. కాలుతలేదా అని లచ్చమ్మ అడిగింది. లేదంది. సాయంత్రం విప్పితే ఎడమ మణికట్టు మీద రూపాయి బిళ్ళంత బొబ్బ ఉంది. ఎప్పుడు కాలిందో ఆమెకు తెలియదు. మొగిలి దాని మీద కూడా మందు పూశాడు.

మంగళవారం వీధిలో ఆడవాళ్ళు సద్దుల బతుకమ్మ పేరుస్తున్నారు. నీలమ్మను తంగేడు పూలు గుచ్చమని పిలిచారు. పువ్వు చేతిలో ఉందో లేదో తెలియక రెండుసార్లు జారవిడిచింది. మూడోసారి కూర్చోలేక లోపలికి వచ్చింది. పెదాలు మొద్దుబారినట్టున్నాయి. నోట్లో ఇనుము నాకినట్టు రుచి. చెవిలో సన్నగా గుయ్యిమంటోంది. పండగ ఉపవాసం వల్ల అనుకుంది. మొగిలి ఆమెకు చక్కెర నీళ్ళు తాగించి మూడో ట్యూబు విప్పాడు. రేపే ఆఖరు రోజు. ట్యూబులో సగం కుడి బొటనవేలికే పోయింది.

"ఈ ఒక్క రాత్రి బిగించి పడుకో," అన్నాడు. "పొద్దుగాల నేనే విప్పుత."

బుధవారం ఆటోలు కూడా బందయ్యాయి. ఆమె నాలుగింటికి లేచి నడిచింది. కొండాపూర్ దాటేసరికి రోడ్డు రెండుగా కనిపించింది. టవర్ వెనక గేటు దగ్గర సాయిచంద్ నిలబడి ఉన్నాడు. ఆమె కోసమే అయిదు నిమిషాలు ముందు వచ్చానన్నాడు. ఆమె కవరు తీసి వేలు పెట్టింది. సాయిచంద్ తన చేతిరుమాలుతో అద్దం తుడిచాడు. మళ్ళీ పెట్టింది. చూపుడు వేలు పెట్టమన్నాడు. ఎడమచేయి పెట్టమన్నాడు. ఆ వేళ్ళు మిషన్‌లో లేవని ఇద్దరికీ తెలుసు. వెనక ఎవరూ జరగమనలేదు.

"ఇంగో నాలుగు గంటలున్నై," అన్నాడు సాయిచంద్. "పోయి పని చేసుకో. పదకొండింటికి మల్ల జూద్దం."

నీలమ్మ గ్లౌజులు బిగించుకుని పైకి వెళ్ళింది. ఆ నాలుగు గంటలు కూడా మందు వృథా కాకూడదని ట్యూబులో మిగిలింది గ్లౌజు లోపల పిండుకుంది.

పదింబావుకు ఆరో అంతస్తు బాత్‌రూములో ఆమె బుగ్గ కండ అదరడం మొదలుపెట్టింది. చేత్తో పట్టుకుంటే ఆగలేదు. లచ్చమ్మ పలకరిస్తే జవాబు చెప్పాలనుకుంది, నాలుక తిరగలేదు. లచ్చమ్మ ఆమెను భుజం మీద వేసుకుని లిఫ్టులో కిందికి తెచ్చింది. అది హౌస్‌కీపింగ్ వాళ్ళు ఎక్కకూడని లిఫ్టు.

కింది అంతస్తులో ఫస్ట్ ఎయిడ్ గది ఉంది. అందులో నర్సు సుగుణ. తెనాలి నుంచి వచ్చి మూడేళ్ళయింది. సమ్మె మొదలైన దగ్గర్నుంచి ఇంటికి పోలేక ఆ గదిలోనే పడుకుంటోంది. నీలమ్మను మంచం మీద పడుకోబెట్టి కళ్ళు చూసింది. పొద్దున ఏం తిన్నదని అడిగింది. లచ్చమ్మ ఏమీ తినలేదంది. నాడి దొరకాలని గ్లౌజు అంచు జరిపితే లోపలి నుంచి తెల్లగా కారింది.

సుగుణ కత్తెర తీసింది. గ్లౌజులు, కవర్లు, రబ్బరు ముక్కలు అన్నీ కోసి పడేసింది. చేతులు కుళాయి కింద పెట్టి సబ్బుతో కడగడం మొదలుపెట్టింది.

"నీలమ్మక్కా, ఇటు చూడండి. ఇది ఏం మందు? ఎన్ని ట్యూబులు?"

నీలమ్మ మూడు వేళ్ళు చూపింది. ఆ తరవాత ఆమెకు గుర్తు లేదు.

ఫిట్సు నిమిషం పైనే వచ్చిందని, సుగుణ తనను పక్కకు తిప్పి పట్టుకుందని, పదకొండు దాటాక అంబులెన్సు వచ్చిందని తరవాత లచ్చమ్మ చెప్పింది. నీలమ్మకు తెలివి వచ్చేసరికి మొహం మీద గాలి గొట్టం ఉంది, బండి ఆగి ఉంది. కొత్తగూడ దగ్గర సమ్మెవాళ్ళు నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటా వార్పు చేస్తున్నారు. డ్రైవరు దిగి ఏదో చెప్పాడు. అన్నం గుండిగను నలుగురు పట్టుకుని పక్కకు జరిపారు, రాళ్ళు తీశారు. ఒకతను అద్దంలోంచి తొంగి ఆమె యూనిఫాం చూశాడు.

"సమ్మె దినాల గూడ పనికి పోతివా అక్కా," అన్నాడు. తిట్టినట్టు అనలేదు. "పోనియ్ డ్రైవరన్నా, జల్ది పోనియ్."

పనికి వెళ్ళానని తనను చూసి ఒప్పుకున్న మొదటి మనిషి అతనే అని నీలమ్మకు తోచింది.

దవాఖానలో గుండెకు తీగలు పెట్టి ఒక రాత్రంతా చూశారు. గురువారం దసరా. పొద్దున డాక్టరు వచ్చి, మొగిలిని పిలిచి అడిగాడు. మొగిలి ఏదీ దాచలేదు. ఎలా పూశాడో, ఎలా చుట్టాడో, గాలి దూరకుండా ఎలా బిగించాడో వరసగా చెప్పాడు. డాక్టరు మధ్యలో ఆపకుండా విన్నాడు. విని, పలచగా రాసి వదిలేస్తే ఆ మందు మంచిదేనని, పచ్చి తోలు మీద అంత మందంగా పూసి కట్టేసరికి నెత్తురులోకి పోయి తలకెక్కిందని, ఇంకొంచెం పోయి ఉంటే గుండె ఆగేదని చెప్పాడు. వాపు తగ్గించే రెండో మందు కూడా అంతంత పూస్తే తోలు పలచబడుతుందని, గీతలు రావడం ఇంకా ఆలస్యమవుతుందని చెప్పాడు.

మొగిలి చాలాసేపు తన చేతులు చూసుకున్నాడు.

"చీటీ చదివిపిచ్చుకుంటే అయిపోవు," అన్నాడు. "పక్కన హాస్టల్ నిండ చదువుకున్న పోరగాళ్ళే ఉన్నరు."

 అనడానికి నీలమ్మ దగ్గర కూడా అదే మాట ఉంది.

పన్నెండింటికి సుగుణ వచ్చింది. ఆమె వెనకే సాయిచంద్ వచ్చాడు. అతని చేతిలో ఒక కాగితం, ఇంకు ప్యాడు ఉన్నాయి. పండగ పూట రావలసి వచ్చిందని, పైవాళ్ళు ఫోను మీద ఫోను చేస్తున్నారని అన్నాడు. నీలమ్మ పేరు నిన్న పైకి పోయింది. ఇంకా ఏం కాగితమని మొగిలి అడిగాడు. సాయిచంద్ కాగితం మంచం మీద పెట్టాడు. దాన్ని సుగుణ తీసుకుని చదివింది. నీలమ్మ తన ఇష్టంతో పని మానుకుంటోంది. ఆమె చేతులకు జరిగినదానికి, ఒంటికి జరిగినదానికి కాంట్రాక్టరుకు సంబంధం లేదు. కింద వేలిముద్రకు ఒక గడి.

"ఆసిడ్ మాట ఎక్కడా లేదేమండీ?" అంది సుగుణ.

"నేను రాసిన కాగితమా సిస్టర్? ముద్ర పెట్టియ్యకుంటే నా పేరు గూడ పోతది."

అతను నీలమ్మ వైపు తిరిగాడు. ఆమె మొగిలిని చూసింది. మొగిలి నేల చూస్తున్నాడు. సాయిచంద్ ఆమె కుడి బొటనవేలు పట్టుకుని ప్యాడు మీద, ఆ తరవాత కాగితం మీద ఒత్తాడు. తీసి చూశాడు. గడిలో నీలం మరక ఉంది. గుండ్రంగా, నున్నగా ఉంది. అందులో ఒక్క గీత లేదు. ఎడమ బొటనవేలు ఒత్తించాడు. అదీ మరకే. చూపుడు వేలు. మధ్య వేలు. కాగితం అడుగున వరసగా నాలుగు మరకలు పడ్డాయి.

ముద్ర లేకపోతే హెడ్డాఫీసు తీసుకోదని అతను తనలో తాను అన్నట్టు అన్నాడు. సాక్షి సంతకం పెట్టమని సుగుణను అడిగాడు. ఆమె పెట్టనంది. నిన్నటి రిపోర్టులో ఆసిడ్ సంగతి, గ్లౌజుల సంగతి రాశానని, అది కంపెనీకి వెళ్ళిందని చెప్పింది. సాయిచంద్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ప్యాడ్ల ఇంకు ఎండినట్టున్నది. పొద్దుగూకంగ మంచి ప్యాడు, కొత్త కాగితం తెస్త," అని వెళ్ళిపోయాడు.

అతను వెళ్ళాక సుగుణ తన సంచిలోంచి వాసెలిన్ డబ్బా తీసి మొగిలికి ఇచ్చింది. ఇందులో మందు లేదని, రోజుకు నాలుగుసార్లు పలచగా రాయాలని, ఏమీ కట్టకూడదని చెప్పింది. చెప్పింది తిరిగి చెప్పించుకుంది. మొగిలి రెండుసార్లు తప్పు లేకుండా చెప్పాడు. ఎన్ని రోజులకు గీతలు వస్తాయని నీలమ్మ అడిగింది. డాక్టరును అడిగానని, మంచిగా చూసుకుంటే నెల, నెలన్నర అని, కొద్దికొద్దిగా ముందు నుంచే కనిపిస్తాయని సుగుణ చెప్పింది.

"గీతలొస్తే మిషన్ల పడ్తది కదా?"

"పడుతుంది నీలమ్మక్కా."

"ఆ సారు కాగితం మీద గూడ పడ్తది."

 సుగుణ వార్డు తలుపు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, ఏ కాగితమైనా తాను చూశాకే వేలు పెట్టమని చెప్పి వెళ్ళింది.

మొగిలి డబ్బా మూత తీశాడు. వేలి కొసతో శనగగింజంత తీసుకుని, ఎక్కువైందేమోనని సగం వెనక్కి పెట్టి, ఆమె చేయి కోసం చూశాడు. నీలమ్మ రెండు చేతులూ దుప్పటి కిందికి లాగేసుకుంది.

"ఇప్పుడొద్దు," అంది. "ఆ సారు వచ్చి పోనీ."